కాల్షియం 8.1, టీఎస్‌హెచ్ 4.6, బీపీ 146/94: ఏది దేనివల్ల?

ఎనిమిదో నెలలో ఉన్న మా పిన్ని కూతురు ఓ రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో మూడు ఫోటోలు పెట్టింది. ఒకటి ల్యాబ్ రిపోర్టు, రెండోది డాక్టర్ చీటీ, మూడోది స్టీలు పళ్లెంలో పరిచిన మందుల షీట్లు. కింద ఒకటే లైను: "అక్కా, నిద్ర పట్టట్లేదు, వీటిలో ఏది దేనివల్ల వచ్చిందో చెప్పు." రిపోర్టులో కాల్షియం 8.1, పక్కన కిందికి బాణం. టీఎస్‌హెచ్ 4.6, పక్కన పైకి బాణం (థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కిందున్న గ్రంథి పంపే హార్మోన్ ఇది, థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది). చీటీ మీద బీపీ 146/94, మూత్రంలో ప్రొటీన్‌కి రెండు ప్లస్సులు. ఆ తర్వాత వాయిస్ మెసేజ్: "థైరాయిడ్ పెరిగి, కాల్షియం తగ్గి, దానివల్ల బీపీ వచ్చిందా? ఇంకో సంగతి, నాకు రాసిన బీపీ మాత్ర కాల్షియాన్ని అడ్డుకునే మాత్రట, నెట్‌లో ఉంది. మరి పక్కనే కాల్షియం మాత్ర ఎందుకు రాశారు? ఒకటి పోస్తుంటే ఇంకోటి తూము మూస్తుందా?"

నేను డాక్టర్ని కాను, ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ సెక్షన్‌లో పనిచేస్తాను. మందు డోసు మార్చే పని నాది కాదు. అయితే ఆ బాణం గుర్తులు ఎక్కడి నుంచి వస్తాయో రోజూ చూసేదాన్ని కాబట్టి ఆ రాత్రి తనకి చెప్పింది, ఆ తర్వాత నేను మళ్లీ చదువుకుని సరిచేసుకుంది కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, తన ప్రశ్నలో తప్పేం లేదు. తప్పంతా ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి అచ్చయిన అంకెలు ఒకదానికొకటి కారణాల్లా కనిపించడంలో ఉంది.

ముందు బీపీ సంగతి. అంతకుముందు లేని బీపీ 20 వారాలు దాటాక 140/90కి చేరి, నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూసినా అలాగే ఉంటే అది గర్భం వల్ల వచ్చిన బీపీ. దానికి మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివరు, కిడ్నీ, ప్లేట్‌లెట్లు దెబ్బతింటున్న గుర్తులో తోడైతే ప్రీఎక్లాంప్సియా. ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో 2 నుంచి 8 శాతం మందికి ప్రీఎక్లాంప్సియా వస్తుందని లెక్క. పాదాలకి నీరు రావడం మాత్రం నిండు నెలల్లో చాలామందికి ఉండేదే, దాన్ని బట్టి ఏదీ తేల్చలేం. అయితే ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బితే ఊరుకోకూడదు.

ఇదంతా మొదలయ్యేది మాయ (ప్లాసెంటా) దగ్గర. మామూలుగా మొదటి నెలల్లో మాయ కణాలు గర్భాశయపు సన్నటి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేస్తాయి, పిల్లకాలువని తవ్వి పెద్దకాలువ చేసినట్టు. ఆ పని సగంలో ఆగితే మాయకి రక్తం చాలదు. చాలనప్పుడు అది తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. వాటిలో ముఖ్యమైనది ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రొటీన్. రక్తనాళాల లోపలి పొరని బతికించే సంకేతాలు కొన్ని ఉంటాయి, ఇది వాటిని మధ్యలోనే పట్టేసుకుంటుంది. లోపలి పొర దెబ్బతిని నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలోంచి ప్రొటీన్ కారుతుంది. ఈ ఎస్‌ఫ్లిట్-1ని గుర్తుపెట్టుకోండి, థైరాయిడ్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఇక కాల్షియం 8.1. మా మెషీన్ కొలిచేది మొత్తం కాల్షియం. అందులో దాదాపు సగం మాత్రమే రక్తంలో విడిగా తిరుగుతూ పనిచేసేది, దాన్ని అయొనైజ్డ్ కాల్షియం అంటాం. 40 శాతం వరకు ప్రొటీన్లని, ముఖ్యంగా ఆల్బుమిన్‌ని పట్టుకుని ఉంటుంది. మిగిలిన కాస్తా ఫాస్ఫేట్, సిట్రేట్ లాంటివాటితో కలిసి ఉంటుంది. బస్సులో ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టేటప్పుడు సీట్లలో కూర్చున్నవాళ్లని, నిలబడి అటూ ఇటూ తిరుగుతున్నవాళ్లని కలిపి లెక్కేశామనుకోండి. సీట్లు తగ్గిస్తే మొత్తం తగ్గుతుంది, తిరిగేవాళ్లు మాత్రం అంతే ఉంటారు. గర్భంలో జరిగేది ఇదే. రక్తంలో నీటిభాగం పెరిగి ఆల్బుమిన్ పలచబడుతుంది, మొత్తం కాల్షియం దాంతోపాటు దిగుతుంది, అయొనైజ్డ్ కాల్షియం మాత్రం మామూలుగానే ఉంటుంది. పైగా ప్రీఎక్లాంప్సియాలో ఆల్బుమిన్ మూత్రంలో పోతుంది కూడా. మా చెల్లి రిపోర్టు రెండో పేజీలో ఆల్బుమిన్ 2.6 ఉంది, ఆ పేజీ ఎవరూ తిప్పినట్టు లేదు. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తగ్గితే అంతని 0.8తో గుణించి కాల్షియానికి కలపాలని ఒక మోటు లెక్క ఉంది. 1.4ని 0.8తో గుణిస్తే 1.12. దాన్ని 8.1కి కలిపితే 9.2. అంటే నార్మల్. గర్భిణులకి ఈ లెక్క అంత కచ్చితంగా పట్టదు, నిజంగా తేల్చుకోవాలంటే అయొనైజ్డ్ కాల్షియం విడిగా చూడాలి. అయినా ఆ కిందికి బాణం చూసి భయపడాల్సిన పని లేదని చెప్పడానికి ఈ లెక్క చాలు.

మా పనిలో ఇంకో రెండు తిరకాసులున్నాయి. రక్తం తీసేటప్పుడు చేతికి కట్టిన పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే ప్రొటీన్ చిక్కబడి కాల్షియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది, దాని పనే కాల్షియాన్ని పట్టేసుకోవడం. ముందు ఆ ట్యూబులో పోసిన రక్తం ఒక్క చుక్క వేరే ట్యూబులో పడినా కాల్షియం దారుణంగా పడిపోయి, పొటాషియం ఆకాశానికి వెళ్లి కనిపిస్తుంది. అలాంటి రిపోర్టు చూసి ఇంజెక్షన్ ఎక్కించేయరు, మళ్లీ రక్తం తీయమంటారు. తీయాలి కూడా.

సరే, కాల్షియం నార్మలే అయితే మాత్ర ఎందుకు? ఇక్కడే అసలు చిక్కుముడి. రక్తంలో కాల్షియం ఎంతుందన్నదీ, తిండిలో కాల్షియం సరిపోతోందా అన్నదీ రెండు వేరే ప్రశ్నలు. ఒంట్లో కిలో వరకు కాల్షియం ఉంటే అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. తిండిలో తగ్గితే, రక్తంలో కాల్షియాన్ని చూసుకునే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోంచి తీసి రక్తానికి సర్దుతుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అదన్నమాట. రక్తంలో అంకె దర్జాగా 9 దగ్గరుంటుంది, వెనక ఎముకలు కరుగుతుంటాయి. కడుపులో బిడ్డ పుట్టేలోపు దాదాపు 30 గ్రాముల కాల్షియం పోగేసుకుంటుంది, అందులో చాలాభాగం చివరి మూడు నెలల్లోనే. దానికోసం తల్లి పేగులు కాల్షియాన్ని మామూలుకంటే రెట్టింపు పీల్చుకుంటాయి. అయితే తింటేనే కదా పీల్చుకోవడానికి ఏదైనా ఉండేది.

దీనికీ బీపీకీ ముడి ఉందని మొదట అనుమానం వచ్చిన కథ నాకు భలే ఇష్టం. గ్వాటెమాలాలో మాయా తెగ ఆడవాళ్లు కటిక పేదలు, అయినా వాళ్లలో గుర్రపువాతం తక్కువగా కనిపించేది. పేదరికం ఉన్నచోట ఈ జబ్బు ఎక్కువని నమ్ముతున్న రోజుల్లో ఇది తలకిందుల లెక్క. వాళ్లు మొక్కజొన్నలని సున్నపునీళ్లలో నానబెట్టి ఉడికించి, రుబ్బి రొట్టెలు చేసుకుంటారు. సున్నమంటే కాల్షియమే. 1980లో బెలిజాన్, విల్యార్ అనే పరిశోధకులు దీన్ని పట్టుకుని తిండిలో కాల్షియానికీ ఈ బీపీకీ సంబంధం ఉండొచ్చని ప్రతిపాదించారు. (మన దగ్గర సున్నం తమలపాకు మీదికి వెళ్లింది గానీ జొన్నల్లోకి వెళ్లలేదు. అది చదివి తాంబూలం మొదలెట్టకండి, వక్కతో వచ్చే గొడవ వేరే ఉంది.)

ఆ తర్వాత ప్రయోగాలు మొదలయ్యాయి, ఫలితాలు ఒక్కలా రాలేదు. 1997లో అమెరికాలో తొలిసారి గర్భవతులైన 4,589 మందితో చేసిన పెద్ద ప్రయోగంలో రోజూ 2 గ్రాముల కాల్షియం ఇచ్చినా ప్రీఎక్లాంప్సియా తగ్గలేదు. కాల్షియం కథ కంచికి అనుకున్నారు చాలామంది. అయితే వాళ్లు అప్పటికే తిండిలో బోలెడు కాల్షియం తింటున్న ఆడవాళ్లు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం కూడా ఉన్న ఆరు దేశాల్లో, రోజుకి 600 మి.గ్రా. కూడా తినని చోట్ల, 8,325 మందితో ఇదే పని చేసింది. జబ్బు రావడం పెద్దగా తగ్గలేదు గానీ, వచ్చినవాళ్లలో అది ముదిరి ఫిట్స్ దాకా వెళ్లడం తగ్గింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో గట్టిగా చెప్పుకోదగ్గ ఫలితం ఇదే. కాల్షియం మందు కాదు, వచ్చిన బీపీని దించదు. తక్కువ తినేవాళ్లకి ముందు నుంచీ ఇస్తే ప్రమాదం తగ్గుతుంది. కడుపు నిండినవాడికి ఇంకో ముద్ద పెడితే ఏం లాభం.

అందుకే మన ప్రభుత్వ మార్గదర్శకాల్లో 14 వారాల నుంచి రోజుకి రెండు మాత్రలు, ఒక్కోదానిలో 500 మి.గ్రా. కాల్షియం, విటమిన్ డితో కలిపి, రక్తపరీక్ష చూడకుండానే అందరికీ ఇమ్మని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాల్షియం తక్కువ తినే జనాభాకి చెప్పింది 1.5 నుంచి 2 గ్రాములు. అంత అవసరమా అన్న ప్రశ్నకి 2024లో ఒక జవాబు వచ్చింది. బెంగళూరులో 11,000 మంది, టాంజానియాలో 11,000 మంది మొదటిసారి గర్భవతుల్లో సగం మందికి 500 మి.గ్రా., సగం మందికి 1,500 మి.గ్రా. ఇచ్చి చూశారు. బెంగళూరులో ప్రీఎక్లాంప్సియా తక్కువ డోసు వాళ్లలో 3.0 శాతం, ఎక్కువ డోసు వాళ్లలో 3.6 శాతం. అంటే ఆ జబ్బు వరకు చిన్న డోసు పెద్ద డోసుకి తీసిపోలేదు. ఎక్కువ మింగితే ఎక్కువ రక్షణ అనుకుని రోజుకి నాలుగు వేసుకునేవాళ్లు నాకు తెలుసు, వాళ్లకి దక్కేది మలబద్ధకం.

తక్కువ తింటే బీపీ ఎందుకు పెరగాలి? ఇప్పటివరకు నమ్ముతున్న వివరణ ఇది. కాల్షియం తక్కువైతే పారాథైరాయిడ్ హార్మోన్, కిడ్నీ నుంచి వచ్చే రెనిన్ పెరుగుతాయి. వాటి ప్రభావంతో రక్తనాళాల గోడలోని కండర కణాల లోపల కాల్షియం పెరుగుతుంది. కణం లోపల విడి కాల్షియం బయటికంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ, లోపల కాస్త పెరిగితే చాలు, అదే కండరానికి బిగుసుకోమనే సంకేతం. అంటే ఒంటికి కాల్షియం కరువు, కణంలో కాల్షియం వరద. వినడానికి వింతగా ఉంటుంది గానీ మా చెల్లి రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

తనకి రాసిన బీపీ మాత్ర నిఫెడిపిన్. అది కాల్షియాన్ని అడ్డుకుంటుంది, నిజమే, ఎక్కడ అన్నదే తేడా. రక్తనాళపు కండర కణానికి కాల్షియం లోపలికి వెళ్లే చిన్న తలుపులుంటాయి, నిఫెడిపిన్ వాటిని మూస్తుంది. కండరం వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది, బీపీ దిగుతుంది. రక్తంలో కాల్షియం మాత్రం ఎంత ఉందో అంతే ఉంటుంది, ఎముకకీ బిడ్డకీ వెళ్లేది ఆగదు. కాల్షియం మాత్ర పేగు నుంచి ఎముక దాకా ఉన్న దారిలో పనిచేస్తుంది, బీపీ మాత్ర కణం గుమ్మం దగ్గర పనిచేస్తుంది. తూము మూసింది పక్కింటి పొలానిది, మన పొలానిది కాదు అని చెప్పాను తనకి. రెండూ కలిసి వాడటంలో గొడవ లేదు.

కాల్షియం, ఈ జబ్బుకి ఇచ్చే మందు నిజంగా ఎదురుపడేది ఇంకోచోట. ప్రీఎక్లాంప్సియా ముదిరితే ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు, వార్డులో మెగ్‌సల్ఫ్ అంటారు. 2002లో పదివేల మందికి పైగా గర్భిణులతో చేసిన ప్రయోగంలో అది ఫిట్స్‌ని సగానికి పైగా తగ్గించింది. మెగ్నీషియం ఎక్కువైతే కాల్షియం చేసే పనులకి అడ్డం పడుతుంది, మోకాలి మీద తడితే కాలు ఎగరడం మానేస్తుంది, ఇంకా పెరిగితే ఊపిరి మందగిస్తుంది. అందుకే సిస్టర్లు ప్రతిసారీ మోకాలు తట్టి, ఊపిరి లెక్కపెట్టి, మూత్రం సంచి చూసిపోతారు. విరుగుడుగా ట్రేలో ఒక కాల్షియం గ్లూకోనేట్ ఆంపుల్ సిద్ధంగా పెట్టుకుంటారు. మెగ్‌సల్ఫ్ నడుస్తున్నప్పుడు రక్తంలో కాల్షియం నిజంగానే కాస్త తగ్గుతుంది, పారాథైరాయిడ్‌ని అది అణచివేస్తుంది కాబట్టి. సో, ఆ సమయంలో వచ్చిన రిపోర్టు అర్థం వేరు.

ఇప్పుడు థైరాయిడ్. ముందు ఒక పేరు గందరగోళం తీసేద్దాం, ఎందుకంటే పిన్ని అదే రాత్రి ఫోన్ లాక్కుని "థైరాయిడే కదా కాల్షియాన్ని చూసుకునేది?" అని అడిగింది. కాదు పిన్నీ. కాల్షియాన్ని చూసుకునేది పారాథైరాయిడ్. థైరాయిడ్ గ్రంథి వెనక అతుక్కుని బియ్యపు గింజంత ఉండే నాలుగు చిన్న గ్రంథులు. మనుషుల్లో వాటిని ఒక స్వీడిష్ వైద్య విద్యార్థి 1880లో వర్ణించేదాకా వైద్యులకే సరిగ్గా తెలియదు. పక్కపక్క ఇళ్లు, పేరు ఒకటే, పనులు వేరు. థైరాయిడ్‌ని ఆపరేషన్‌తో తీసేసినవాళ్లలో ఈ చిన్నవి కూడా దెబ్బతిని కాల్షియం పడిపోవచ్చు, అదొక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు. టీఎస్‌హెచ్ 4.6 ఉన్నంత మాత్రాన కాల్షియం తగ్గదు.

గర్భంలో థైరాయిడ్ అంకెలు కూడా కదిలే నేల మీద నిలబడి ఉంటాయి. మొదటి మూడు నెలల్లో మాయ తయారుచేసే హెచ్‌సీజీ హార్మోన్ టీఎస్‌హెచ్‌ని పోలి ఉండి థైరాయిడ్‌ని తట్టి లేపుతుంది, అందుకే అప్పుడు టీఎస్‌హెచ్ తగ్గి కనిపిస్తుంది. ఈస్ట్రోజెన్ వల్ల థైరాయిడ్ హార్మోన్ టీ4ని మోసే ప్రొటీన్ రెండు మూడింతలు పెరిగి మొత్తం టీ4 ఒకటిన్నర రెట్లవుతుంది. రక్తంలో విడిగా తిరిగే టీ4ని కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష ఆ మార్పుల మధ్య తడబడుతుంది. జుట్టుకోసం పెద్ద డోసు బయోటిన్ వాడితే కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది, రక్తం ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పండి. పై హద్దు ఎంత అన్నదానిమీద కూడా ఏకాభిప్రాయం మారుతూ వచ్చింది: 2011లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మొదటి మూడు నెలల్లో 2.5, తర్వాత 3 అంది, 2017లో స్థానిక లెక్కలు లేకపోతే 4 దాకా ఒప్పుకోవచ్చంది. మన దేశంలో చాలామంది డాక్టర్లు ఇప్పటికీ పాత హద్దులే చూస్తారు. ఒకే అంకెకి ఒకచోట మాత్ర రాసి ఇంకోచోట "ఏం పర్వాలేదు" అంటే వాళ్లలో ఒకరు మోసం చేస్తున్నారని కాదు.

థైరాయిడ్ తక్కువైతే బీపీ వస్తుందా? బాగా తక్కువై, మందు లేకుండా వదిలేస్తే, అవును, ప్రమాదం పెరుగుతుంది. థైరాయిడ్ హార్మోన్ రక్తనాళాలని వదులుగా ఉంచుతుంది, అది తగ్గితే నాళాలు బిరుసెక్కి ముఖ్యంగా కింది బీపీ పెరుగుతుంది. అదుపులో లేని హైపర్‌థైరాయిడ్‌లోనూ ప్రీఎక్లాంప్సియా ఎక్కువే. టీఎస్‌హెచ్ మాత్రమే కాస్త పెరిగి టీ4 బాగానే ఉన్నవాళ్ల దగ్గరే తేలని గొడవ. చాలా దేశాల్లోని వేలమంది గర్భిణుల వివరాలు కలిపి 2022లో చూసినప్పుడు వాళ్లలో ప్రీఎక్లాంప్సియా కాస్త ఎక్కువగానే కనిపించింది. అయితే 2017లో వచ్చిన అమెరికా ప్రయోగంలో అలాంటివాళ్లకి థైరాయిడ్ మాత్ర ఇచ్చినా, మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చినా ప్రీఎక్లాంప్సియాలో తేడా రాలేదు. కలిసి కనిపించడం ఒకటి, ఒకదాన్ని సరిచేస్తే రెండోది ఆగడం ఇంకొకటి.

పైగా దారి అటునుంచి ఇటు కూడా ఉంది. 2009లో లెవిన్ అనే పరిశోధకుడి బృందం, గర్భం మొదట్లో తీసి దాచిన రక్తాన్ని, కాన్పుకి ముందు తీసిన రక్తాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లలో టీఎస్‌హెచ్ మొదటికంటే దాదాపు రెండున్నర రెట్లయింది, రానివాళ్లలో ఒకటిన్నర రెట్లే. ఎస్‌ఫ్లిట్-1 ఎంత ఎక్కువుంటే టీఎస్‌హెచ్ అంత ఎక్కువ. థైరాయిడ్ గ్రంథిలో సన్నటి రక్తనాళాలు కిక్కిరిసి ఉంటాయి, వాటిని బతికించే సంకేతాన్నే ఈ ప్రొటీన్ దొంగిలిస్తుంది. అదే సంకేతాన్ని అడ్డుకునే కొన్ని క్యాన్సర్ మందులు వాడినవాళ్లకి థైరాయిడ్ తగ్గిపోవడం డాక్టర్లు ముందే చూశారు కాబట్టి ఈ వివరణ గాల్లోది కాదు. దీనికితోడు టీ4ని మోసే ప్రొటీన్ కొంత మూత్రంలో పోతుంది, జబ్బు ఒత్తిడిలో టీ4 నుంచి టీ3 అనే చురుకైన హార్మోన్ తయారీ మందగిస్తుంది. అంటే బీపీ వచ్చాక తీసిన రక్తంలో టీఎస్‌హెచ్ పెరిగి కనిపిస్తే అది బీపీకి కారణం కాకపోగా, బీపీ తెచ్చిన మాయే దాన్నీ పెంచి ఉండొచ్చు.

మరి మా చెల్లి 4.6 ఈ లెక్కలోదేనా? నేనూ మొదట అలాగే అనుకుని పెద్ద ఉపన్యాసం ఇవ్వబోయాను. అప్పుడు మూడో ఫోటో పెద్దది చేసి చూశాను, ఆ స్టీలు పళ్లెం. తనకి పెళ్లికి ముందు నుంచే థైరాయిడ్ ఉంది, 50 మైక్రోగ్రాముల మాత్ర వాడుతుంది, మూడో నెలలో టీఎస్‌హెచ్ 2.2. పళ్లెంలో థైరాక్సిన్ (ఆ థైరాయిడ్ మాత్రే), కాల్షియం, ఐరన్, బీపీ మాత్ర వరసగా ఉన్నాయి. "ఏ టైముకి ఏది వేసుకుంటున్నావు?" అంటే, "పొద్దున్నే ఆరింటికి థైరాయిడ్ మాత్ర, అరగంటాగి పాలతో కాల్షియం, ఐరన్. అత్తయ్య పళ్లెంలో పెట్టి ఇస్తారు, మర్చిపోకుండా అన్నీ పొద్దునే అయిపోతాయని" అంది. ఆవిడ ప్రేమగా చేసిందే, ఎవరూ వద్దని చెప్పలేదు కూడా.

కాల్షియం, ఐరన్ రెండూ పేగులో థైరాక్సిన్‌ని పట్టుకుని రక్తంలోకి వెళ్లనివ్వవు. కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. అదీగాక గర్భం వచ్చాక థైరాక్సిన్ అవసరం పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది, ఆ పెంపు కొందరికి అందనే అందదు. అంటే 4.6కి మూడు కారణాలుండొచ్చు: డోసు చాలకపోవడం, మింగింది ఒంటికి పట్టకపోవడం, మాయ చేసే అల్లరి. మూడింటిలో ఎవరి వాటా ఎంతో ఒక్క రిపోర్టు చూసి ఏ ల్యాబూ చెప్పలేదు. తనకి మాత్రం మొదటి రెండూ సరిచేయగలిగినవి, మర్నాడు డాక్టరమ్మ ఆ పనే చేసింది. డోసు 75 చేసింది, మిగతా మాత్రల టైములు మార్చింది.

ఆ టైమ్ టేబుల్ చెప్తాను, చాలా ఇళ్లకి పనికొస్తుంది. పొద్దున ఐదున్నరకి లేచీ లేవగానే థైరాయిడ్ మాత్ర, ఉత్తి మంచినీళ్లతో. గంట దాకా కాఫీ కూడా లేదు, కాఫీ కూడా అడ్డమే. ఒక కాల్షియం మధ్యాహ్నం అన్నంతో, ఇంకోటి రాత్రి అన్నంతో. కార్బొనేట్ రకం అన్నంతోనే బాగా పడుతుంది, రెండూ ఒకేసారి మింగితే కొంత వృథా. ఐరన్ సాయంత్రం ఐదింటికి, కాల్షియానికి అటూ ఇటూ రెండు గంటల దూరంలో, నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో, టీతో మాత్రం కాదు. గ్యాస్‌కి తాగే తెల్ల మందు కూడా థైరాయిడ్ మాత్రకి శత్రువే. బీపీ మాత్ర డాక్టర్ చెప్పిన వేళకి, దాన్ని వీటికోసం జరపకూడదు.

"మాత్రలెందుకు, తిండిలోనే తినొచ్చుగా" అని పిన్ని అంటే కాదనను, లెక్క మాత్రం వేసుకోవాలి. గర్భిణికి రోజుకి కావాల్సింది 1,000 మి.గ్రా. వంద గ్రాముల రాగుల్లో 360 మి.గ్రా. పైచిలుకు, రాయలసీమ సంకటి తినే ఇళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. తెల్లన్నం ఎంత తిన్నా ఈ లెక్కలో చేతికేం రాదు. అంగన్‌వాడీలో ఇచ్చే 200 మి.లీ. పాలలో 240 దాకా. వంద గ్రాముల మునగాకులో 300 పైన, నువ్వుల్లో 1,200 దాటి, అయితే నువ్వులు వేడి అని చూలింతకి పెట్టరు మన ఇళ్లలో, పెట్టినా వంద గ్రాములు ఎవరు తింటారు. రాగుల్లో, నువ్వుల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు కూడా. కాబట్టి సంకటి తినండి, పెరుగు తినండి, మాత్ర మానకండి.

ఒక్క మాట గట్టిగా. ఈ కాల్షియం, థైరాయిడ్ చర్చ అంతా తీరిగ్గా చేసుకునేది. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ల ముందు మెరుపులు లేదా మసక వచ్చినా, కుడి డొక్క పైభాగంలో నొప్పి వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా, బీపీ 160/110 తాకినా అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి. అప్పుడు ఏ రిపోర్టూ వెతుక్కోవద్దు, నాకు ఫోటోలు పంపొద్దు. కాన్పయ్యాక కూడా ఈ ముప్పు వెంటనే పోదు, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో, అరుదుగా వారాల తర్వాత కూడా రావచ్చు.

మా చెల్లికి 37 వారాలకి నొప్పులు రప్పించారు. ఆడపిల్ల, 2.4 కిలోలు. నిఫెడిపిన్ మూడో వారంలో ఆగింది, థైరాక్సిన్ కాన్పవగానే మళ్లీ పాత 50కి దిగింది. ఆరు వారాలకి రక్తం మా ల్యాబ్‌కే వచ్చింది: ఆల్బుమిన్ 3.9, కాల్షియం 9.3, టీఎస్‌హెచ్ 2.1. ఎముకలు అదనంగా ఏమీ సంపాదించుకోలేదు, సీట్లు, అంటే ఆల్బుమిన్, తిరిగి వచ్చాయి, అంతే. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి తర్వాత బీపీ, గుండె జబ్బులు వచ్చే అవకాశం బాగా ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి బీపీ, దాంతోపాటు టీఎస్‌హెచ్ చూపించుకోమని చీటీ మీద రాసిచ్చారు.

"కాన్పు అయిపోయిందిగా, ఇంకా కాల్షియం ఎందుకు?" అని వాళ్ల అత్తగారు షీటు పక్కన పెట్టేసిందట. పాలిస్తున్నంతకాలం, కనీసం ఆరు నెలలు వేసుకోవాలని చెప్పాను. స్టీలు పళ్లెం ఇప్పుడు లేదు. థైరాయిడ్ మాత్ర దిండు పక్కన నీళ్ల సీసాతో, కాల్షియం షీటు వంటింట్లో ఆవకాయ జాడీ పక్కన.